బొట్టు పెట్టిన వాల్వులు

మొగిలన్నకు ముప్పై నిండకముందే నెత్తి బోడిదైపోయింది. ఆ నాలుగు వెంట్రుకలు నిలిచి ఉంటే ఆయన బతుకు ఇంకోలా ఉండేదని నా నమ్మకం. నవ్వకండి, చెబుతాను.

మానుకోటలో, అంటే బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉండే మా ఊళ్లో, రైల్వే స్టేషన్ నుంచి మార్కెట్‌కు వచ్చే సందులో రెండు మడిగెలు ఆనుకుని ఉండేవి. ఒకటి నా దర్జీ దుకాణం. రెండోది మొగిలన్న రేడియో రిపేరు దుకాణం. ఆ వెనక గదిలోనే ఆయన కాపురం. మధ్య గోడ ఎంత సన్నమంటే నేను ఇటు తుమ్మితే అటు నుంచి "చిరంజీవ" అని గట్టమ్మ వదిన గొంతు వినిపించేది. మొగిలన్న గొంతు మాత్రం వినపడేది కాదు. ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడితే వాల్వుల గురించే.

వాల్వు అంటే బొటనవేలంత గాజు బుడ్డి. లోపల సన్నని రేకులు, తీగలు, అడుగున సూదుల్లాంటి కాళ్లు. కరెంటు ఇస్తే లోపల ఎర్రగా రాజుకుంటుంది. ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియో మాట్లాడిందంటే, పెండ్లిలో మైకు అరిచిందంటే ఈ బుడ్ల పుణ్యమే. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి, గుణాలు మాత్రం వేరు. గాజు మీద రంగుతో అచ్చేసిన అంకెలే వాటి పేర్లు. ఆ పేరు చూడకుండా ఒకదాని చోట ఇంకొకటి గుచ్చితే వాల్వే కాదు, దానితో పాటు ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోతుంది. కట్టుకున్న ఇల్లే తగలబెట్టుకున్నట్టు.

ఈ విద్య ఆయన డోర్నకల్‌లో రాజలింగు అనే మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. అరవై తొమ్మిదిలో మొదటిసారి జై తెలంగాణ అన్నప్పుడు మొగిలన్నకు మీసాలు వస్తున్న వయసు. కాలేజీలు బంద్, రైళ్లు బంద్. సాయంత్రం వార్తల వేళకు జంక్షనులోని జనమంతా రాజలింగు దుకాణం ముందు చేరేవారట. వార్తలు అయిపోగానే ఒక్కడు ఉండేవాడు కాదట. "జనం వార్తలకు వస్తరు తమ్మీ, మనకోసం రారు" అని మొగిలన్న నాతో అంటుండేవాడు. తమాషాగానే అనేవాడు. నాకు మాత్రం అది తమాషాగా అనిపించేది కాదు.

గట్టమ్మ వదినది భూపాలపల్లి వైపు. ములుగు గట్టమ్మకు మొక్కితే పుట్టిన బిడ్డ కాబట్టి ఆ పేరు. ఆయన మాట్లాడని మాటలన్నీ కలిపి ఆమే మాట్లాడేది. వాళ్లకు పిల్లలు కలగలేదు. దవాఖానల చుట్టూ తిరిగారు, మేడారం పోయి ఎత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, సమర్పించారు, ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తడం మానేశారు. ఎవరైనా అడిగితే వదిన "మాకు వాల్వులున్నయి గద, గవ్వే పిల్లలు" అనేది. అడిగినవాళ్లే మొహం తిప్పుకునేవారు.

ఆమె చేసిన ఘనకార్యం ఒకటి మా సందులో అందరికీ తెలుసు. ఎమర్జెన్సీ పోయిన తర్వాత ఒక దసరా. మా దగ్గర దసరాకు పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి మొక్కుతాం. నా కత్తెరకూ, మిషనుకూ నేనూ పెడతాను. ఆ ఏడు మొగిలన్న జమ్మి చెట్టు దగ్గరికి పోయి వచ్చేసరికి వదిన పూజ ముగించి కూర్చుంది. స్క్రూడ్రైవర్లు, మీటరు, కట్టరు అన్నీ మెరుస్తున్నాయి. వాటి పక్కన గోనెసంచి మీద, ఆయన పాత సామాన్ల వాళ్ల దగ్గర ఏరుకొచ్చిన వాల్వులన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి. ప్రతిదానికీ నుదుటి చోట ఇంత కుంకుమ బొట్టు.

"ఏం జేసినవే?" అన్నాడాయన.

"కడిగిన. మసి వట్టి ఉన్నయి. కుంకుడు పులుసుల నానవెట్టి రుద్దిన. ఎంత మంచిగున్నయో సూడు."

కుంకుడు పులుసు మసితోపాటు రంగునూ తీసేసింది. బొట్లు వచ్చాయి, పేర్లు పోయాయి. సంచినిండా మెరిసే గాజు బుడ్లు, ఒక్కదానికీ పేరు లేదు. వేరొకడైతే ఆ రోజు మా సందులో పండుగ కాకుండా పంచాయితీ జరిగేది. మొగిలన్న మాత్రం చెప్పులేసుకుని స్టేషనుకు పోయి ప్లాట్‌ఫారం మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. వదిన నా దుకాణం మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆయన తిరిగొచ్చి, అన్నం తిని, చేయి కడుక్కుని అన్నాడు: "రేపటి సంది నా పక్కన కూసో. చెరిపినయి ఇద్దరం గూడి ఎతుకుదాం."

అప్పటి నుంచి వాళ్లిద్దరి సాయంత్రాలూ ఆ పనికే అంకితమయ్యాయి. ముందు కాళ్లు లెక్కపెట్టాలి. లోపలి రేకు ఏ ఆకారంలో ఉందో వెలుగుకు పెట్టి చూడాలి. నెత్తిన వెండి పూత ఉంటే బతికి ఉన్నట్టు, అది తెల్లబడితే గాలి దూరి చచ్చినట్టు. మీటరు పెట్టి లోపలి తీగ తెగిందో లేదో చూడాలి. ఇంత చేసినా కొన్ని కవల పిల్లల్లా మిగిలిపోతాయి. వాటికి రాజలింగు నేర్పిన చిట్కా ఒకటుంది. రంగు పోయినా అక్షరాల జాడ గాజు మీద ఎక్కడో ఉంటుంది. నూనె రాసుకున్న తలకు వాల్వును మెల్లగా రుద్ది, ఏటవాలు వెలుగులో చూస్తే ఆ జాడ పైకి తేలుతుంది. నూనె చేత్తో పూస్తే ఎక్కువై అంతా ఒకటే మెరుపవుతుంది. వెంట్రుకలు పూసినంత పల్చగా ఇంకేదీ పూయదు.

మొగిలన్నకు వెంట్రుకలెక్కడివి? అందుకని వదిన తల అక్కరకొచ్చింది.

ఆమె పీట మీద కూర్చునేది. ఆయన వెనక కూర్చుని, పాపిట పక్కన వాల్వును తిప్పి, దీపానికి అడ్డంగా పెట్టి చూసేవాడు. "మొగిలి పెండ్లానికి సీసాలతోని తల దువ్వుతుండు" అని సందంతా నవ్వుకునేది. నేనూ నవ్వాను. వదినకు ఇంగ్లీషు రాదు. అయినా ఆయన కళ్లజోడు సర్దుకునేలోపు ఆమే చేతిలోకి తీసుకుని, "గిది నాలుగు. గదేమొ ఆరు" అని తేల్చేసేది. తర్వాత్తర్వాత రేడియోలు పోయాయి, టీవీలు వచ్చాయి. పెండ్లిళ్లకు ఆయన వాల్వు మైకు సెట్టును పిలవడం మానేసి డీజేలను పిలిచారు. బువ్వ పెట్టే పని పోయినా, పాత సామాన్ల వాళ్ల దగ్గర పేరు చెరిగినవి ఇంకా ఏరుకొస్తూ, పేర్లు వెతికే పని మాత్రం సాగిస్తూనే ఉన్నారు. పేరు దొరికిన దాన్ని అమ్మాలని కూడా వాళ్లకు ఉండేది కాదు. దొరకడమే పండుగ. నా పెండ్లాం, నేను పక్క పక్కన కూర్చుని పొద్దు గడిపింది ఎన్నడూ లేదు. చెప్పొద్దూ, ఆ గోడ అవతల నవ్వులు వింటే నాకు కడుపు మండేది.

రెండువేల ఎనిమిదిలో వదినకు జ్వరం పట్టింది. వరంగల్ దవాఖానకు తీసుకుపోయే ముందురోజు కూడా పీట మీద కూర్చుని ఒక వాల్వు రుద్దించుకుంది. ఈఎల్ 84 అని తేలింది. "నాలుగే" అందట నీరసంగా. మీటరు పెట్టడం రేపు చూద్దామని ఆయన దాన్ని మూత ఉన్న గాజు సీసాలో తలకిందులుగా నిలబెట్టాడు. వదిన బతికి రాలేదు. ఆ సీసా మూత మళ్లీ తీయలేదు. బయట నుంచి చూస్తే గాజు మీద నూనె పొర, పొరలో సన్నగా అంకెలు. ఆ నూనె ఆమె తలది. మనిషి బూడిదను డోర్నకల్ దగ్గర ఏటిలో కలిపి వచ్చాం. బట్టలు వాళ్ల చెల్లెలు తీసుకుపోయింది. ఆమె ఒంటిది మిగిలింది అదొక్కటే. ఈ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకైనా ఆయన చెప్పలేదు, ఒకరోజు ఆ సీసాను కదిలించబోతే చేయి పట్టుకున్నాడు, అంతే.

ఆ తర్వాత మూడేళ్లు నేను తుమ్మితే గోడ అవతల నుంచి జవాబు లేదు. పొద్దున్నే మడిగె తెరిచి ఖాళీ బల్ల ముందు కూర్చునేవాడు. నేను చాయ్ పంపితే చల్లారిన తర్వాత తాగేవాడు. పలకరించడానికి నాకు మాటలు దొరికేవి కావు. ఎంతసేపని వాల్వుల గురించి అడుగుతాం?

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గుబావులు అన్నీ ఆగిపోయాయి. రైలు పట్టాల మీద జనం కూర్చున్నారు. మా తహసీలు ఆఫీసు ముందు టెంటు వేసి దీక్షా శిబిరం పెట్టారు. బొగ్గు లేక కరెంటు పోతూ వస్తూ ఆటలాడేది. పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మను శిబిరం ముందే ఆడాలని ఊళ్లోని ఆడవాళ్లంతా అనుకున్నారు. సరిగ్గా ఆ పొద్దున కరెంటు ఒక్కసారి ఎగిరిపడి శిబిరంలోని ఆంప్లిఫయరు మాడిపోయింది. రిపేరు దుకాణాలు బంద్. వరంగల్ పోదామంటే బండి లేదు.

సమ్మెలో ఉన్న గుమస్తా దయాకర్, అంగన్‌వాడీ టీచర్ రేణుక మొగిలన్న మడిగెకు వచ్చారు. పాటెత్తేది రేణుకే.

"మొగిలన్నా, నీ పాత మైకు సెట్టు ఉన్నదా?" అన్నాడు దయాకర్. "మాపటికి నువ్వే దిక్కు."

మొగిలన్న లేచి నిలబడ్డాడు. కుర్చీలు తుడిచాడు, నన్ను కేకేసి చాయ్ తెప్పించమన్నాడు. మూడేళ్లలో ఆయన కేక వినడం అదే మొదలు. ముసలాయన మొహంలో వచ్చిన ఆ కళ చూసి నాకు సంతోషం, దిగులు రెండూ కలిగాయి. వీళ్లు మైకు కోసం వచ్చారని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. తెలిసినా ఆశపడ్డాడు.

సెట్టును అటక మీద నుంచి దించాం. దుమ్ము దులిపి చూస్తే మైకు గొంతు పెంచే చివరి జంట వాల్వుల్లో ఒకటి నెత్తిన తెల్లబడి ఉంది. చచ్చిపోయింది. దాని జత కావాలి, ఈఎల్ 84. పేరు దొరికిన 84లు ఆ సెట్టులోనే ఎప్పుడో కాలిపోయాయి, అందుకని మొగిలన్న ఇంకా పేరు వెతకని వాల్వుల డబ్బా కుమ్మరించాడు. కాళ్లు చూసి, రేకు చూసి, మీటరు పెట్టి, అన్నీ ఏరి చివరికి రెండు మిగిల్చాడు. అవి 84 కావచ్చు, 86 కావచ్చు. రెండూ కవలలే. 84 మా సెట్టు వోల్టేజీని తట్టుకుంటుంది, 86 తట్టుకోదు. నోటి ఆవిరి ఊదాడు, ఏమీ తేలలేదు.

"నూనె తల కావాలె" అన్నాడు.

దయాకర్ తల వంచాడు. రంగేసిన జుట్టు, నూనె ముట్టదు. నాది ఎండిన గడ్డి, అప్పటికప్పుడు నూనె రాస్తే వెంట్రుకల్లో ఇంకదు, చేత్తో పూసినట్టే ఎక్కువవుతుంది. ఇక రేణుక వైపు చూశాం. ఆమె నవ్వాపుకోలేక, "బాపూ, ఇయ్యాల సద్దుల బతుకమ్మ. పొద్దుగాల తలంటు పోసుకున్న. ఊళ్లె ఏ ఆడిదాన్ని అడిగినా గంతే" అంది. నిజమే. ఆ ఒక్కరోజు మానుకోటలో నూనె తల ఉన్న ఆడమనిషి దొరకదు. మామూలు రోజైతే నూరు తలలు ఉండేవి.

మొగిలన్న సందు చివరకు చూశాడు. మూసిన దుకాణం మెట్ల మీద మోతీబాయి సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుంది. మరిపెడ వైపు తండా ఆమెది. బస్సులు లేవని ఏ ట్రాక్టరో ఎక్కి వచ్చి ఉంటుంది. మా సద్దుల తలంటు పట్టింపు ఆమెకు లేదు, జుట్టుకు నూనె పెట్టి నున్నగా దువ్వి, అద్దాల కొంగు కప్పుకుని ఉంది. మొగిలన్న ఆమె ముందుకు పోయి నిలబడి, గంపలో సీతాఫలాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. పరాయి ఆడమనిషిని తల ఇమ్మని ఎలా అడగడం? చివరికి నేనే చెప్పాను.

"నా నెత్తితోని మైకు పాడుతదా?" అని ఆమె పగలబడి నవ్వింది. "తే, నేనే రాస్త. నువ్వు చెయ్యి పెట్టకు తమ్ముడా."

రెండు వాల్వులూ తీసుకుని కొంగు కింద పెట్టుకుని, పిల్లల తల నిమిరినట్టు మెల్లగా రుద్ది ఇచ్చింది. మొగిలన్న ఎండకు ఏటవాలుగా పట్టాడు. అంకెలు తేలాయి. మొదటిది 86. రెండోదీ 86.

"ఏమైంది? నా నూనె మంచిది గాదా?" అంది మోతీబాయి.

"నీ నూనె మంచిదే అక్కా. పేరు మంచిగనే చెప్పింది. మాకు కావల్సిన పేరు గాదు."

తిరిగి మడిగెకు వచ్చాం. దయాకర్ తొందరపడుతున్నాడు. "ఒక్క మాపటికే గద అన్నా. ఏదో ఒకటి పెట్టరాదు?"

"పెడితె పాట నడుమ కాలిపోతది. ఆడివిల్లలు బతుకమ్మలు పెట్టుకోని నిలవడ్డంక ఆగిపోతె ఎట్లుంటది?"

"మరి ఇంకోటి లేదా?"

మొగిలన్న నా వైపు చూశాడు. నేను కళ్లు దించుకున్నాను. లేదని ఒక్క మాట అంటే అయిపోయేది. దయాకర్ సరేనని వెళ్లిపోయేవాడు. ఆడవాళ్లు ఏటా ఆడినట్టే మైకు లేకుండా చప్పట్లతో ఆడుకునేవారు. ఎవరూ ఆయన్ని తప్పుపట్టరు. మళ్లీ ఎవరూ ఆయన గుమ్మం తొక్కరు, అంతే. ఉన్నదంటే ఆ సీసా మూత తీయాలి. వాల్వు వేడెక్కితే గాజు మీద నూనె నిలవదు.

"జర ఆగుండ్రి" అని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకున్నాడు. చాలాసేపు రాలేదు. దయాకర్ తలుపు కొట్టబోతే నేను అడ్డుపడ్డాను. నాకు ఆ పూట వాడి మీద ఎందుకో పట్టరాని కోపం వచ్చింది. పాపం వాడికేం తెలుసు?

మొగిలన్న సీసాతో బయటకు వచ్చాడు. మూత తీసి, వాల్వును కాళ్ల దగ్గర మాత్రమే పట్టుకుని మీటరు పెట్టాడు. గాజుకు వేలు తగలనీయలేదు. ఇంకాసేపటికి కాలిపోయే నూనే కదా, అయినా తగలనీయలేదు. ముల్లు కదిలింది. "బతికే ఉన్నది" అన్నాడు.

పొద్దు వాలేసరికి శిబిరం ముందు బతుకమ్మలు దిగాయి. తంగేడు, గునుగు, బంతి. టెంటు వెనక బల్ల మీద సెట్టు, దాని ముందు మొగిలన్న, పక్కన వైరు పట్టుకుని నేను. అదృష్టం కొద్దీ కరెంటు ఉంది. ఆయన స్విచ్చు మీద చేయి పెట్టి అలాగే ఉండిపోయాడు. అటు నుంచి రేణుక, "బాపూ, ఆన్ చెయ్యి" అని కేకేసింది. వేశాడు.

వాల్వులకు వేడెక్కే గడువు కావాలి. ముందు అడుగున ఎర్రగా రాజుకుంది, తర్వాత మెల్లగా పైకి పాకింది. గాజు మీద నూనె పొర ఒకచోట ముడుచుకుంది. పోగు కంటే సన్నగా పొగ లేచింది. అప్పుడు వచ్చింది వాసన. కొబ్బరినూనెలో మెంతులు వేసి కాచిన వాసన. గట్టమ్మ వదిన తల దువ్వుకుంటే గోడ దాటి నా మడిగెలోకి వచ్చే వాసన అదే. మూడేళ్ల తర్వాత ఆ మనిషి మా ఇద్దరి మధ్య వచ్చి కూర్చున్నట్టే అనిపించింది. మొగిలన్న కళ్లజోడు తీసేసి, ఆ వేడికి మొహం అంటుకుంటుందేమో అన్నంత దగ్గరగా వంగాడు.

రేణుక పాటెత్తింది. ఆ గొంతు గుడి దాకా, స్టేషను దాకా పోయింది. వందల మంది ఆడవాళ్లు ఒక్కసారి చప్పట్లు కొట్టారు, అందరూ అటే చూస్తున్నారు. టెంటు వెనకకు ఎవరూ రాలేదు. గాజు మీద ఎనిమిది పోయింది. నాలుగు కాసేపు ఉండి అదీ పోయింది. ఆయన వంగినవాడు వంగినట్టే కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తున్నాడు.

పాట మారింది. ఇంకో పాట మారింది.

"తమ్మీ," అన్నాడు కళ్లు తెరవకుండానే, "నాకు పడిశం వట్టినట్టున్నది. వాసన ఇంకా వస్తున్నదా?"

"వస్తున్నదన్నా" అన్నాను.

అది పోయి అప్పటికే చాలాసేపయింది.